వెళ్ళొచ్చే చదువు

*పరాయి దేశంలో ఒక్క సెమిస్టర్ చదివి ఇంటికి తిరిగొచ్చినవాళ్ళు ఏళ్ళ తర్వాత వెనక్కి చూసుకుని ఏం చెబుతున్నారు? ఆ సాక్ష్యంలో మనం నేర్చుకోవలసింది ఏమిటి?*

రోమ్ నగరం, 1958. లా సపియెంజా విశ్వవిద్యాలయ కార్యాలయంలో కౌంటర్ ముందు ఓ న్యాయశాస్త్ర విద్యార్థిని కాగితాలు పట్టుకుని నిలబడింది. పేరు సోఫియా కొర్రాది. ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనం మీద న్యూయార్క్ వెళ్ళి, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, మాస్టర్స్ పట్టాతో అప్పుడే తిరిగొచ్చింది. అక్కడ పాసైన పరీక్షలను ఇక్కడి డిగ్రీలో లెక్కలోకి తీసుకోమని అడుగుతోంది. కౌంటర్ అవతలి నుంచి ఎగతాళి ఎదురైంది. అమెరికాలో షికార్లు చాలించి ఇక బుద్ధిగా చదువుకోమన్నట్టు తోటి విద్యార్థుల ఎదుటే మాట్లాడి కాగితాలు తిప్పి పంపేశారు. కొలంబియా లాంటి చోట నెగ్గుకొచ్చిన అమ్మాయి సొంత ఊరి కౌంటర్ దగ్గర ఓడిపోయింది.

ఆ అవమానాన్ని ఆమె మరిచిపోలేదు, అలాగని కోపంగానూ మిగుల్చుకోలేదు. ఇటలీ విశ్వవిద్యాలయాల రెక్టర్ల మండలికి సలహాదారుగా పనిచేస్తూ 1969లో ఒక ప్రతిపాదన రాశారు. ఒక దేశపు విద్యార్థి మరో దేశంలో కొంతకాలం చదివొస్తే, ముందుగా కుదుర్చుకున్న మేరకు ఆ చదువును సొంత విశ్వవిద్యాలయం తన చదువుగానే లెక్కగట్టాలన్నది దాని సారాంశం. మంత్రులకు, రెక్టర్లకు, అధికారులకు చెప్పి చెప్పి పద్దెనిమిదేళ్ళు గడిచాక, 1987లో ఐరోపా సముదాయం ఎరాస్మస్ పథకాన్ని ఆమోదించింది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్ళారు. అధ్యాపకులు, వృత్తివిద్య నేర్చుకునేవాళ్ళు, యువజన బృందాలతో కలుపుకుంటే ఇప్పటికి ఆ సంఖ్య కోటిన్నర దాటింది. ఐరోపా కొర్రాదికి ‘మమ్మా ఎరాస్మస్’ అని పేరు పెట్టుకుంది. అంటే ఎరాస్మస్ అమ్మ. 2025 అక్టోబరులో, 91 ఏళ్ళ వయసులో ఆ అమ్మ కన్నుమూశారు.

రెండు నెలలకే మరో కబురు వచ్చింది. ఐరోపా సమాఖ్యను వీడుతూ ఎరాస్మస్‌నూ వదిలేసుకున్న బ్రిటన్, 2027లో మళ్ళీ అందులో చేరతానని ప్రకటించింది. దాంతో అక్కడ పాత ప్రశ్న మళ్ళీ చర్చకొచ్చింది. పరాయి దేశంలో ఆరు నెలలు గడిపినంత మాత్రాన ఒక విద్యార్థికి ఒరిగేదేమిటి? ప్రజల సొమ్ము పోసి పంపాల్సినంత విలువ అందులో ఉందా? జవాబు చెప్పాల్సింది వెళ్ళొచ్చి ఏళ్ళు గడిచిన పాత విద్యార్థులు. వాళ్ళ మాటలు, వాళ్ళపై జరిగిన అధ్యయనాలు కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. విదేశంలో చదివిన సెమిస్టర్ ఫలం అక్కడ ఉన్నప్పుడు చేతికి రాదు. ఇంటికి తిరిగొచ్చాకే అది పండడం మొదలవుతుంది. అందుకే దాని మంచిచెడ్డలు వెళ్ళేటప్పటి వీసా కన్నా వచ్చేటప్పటి కౌంటర్ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటాయి.

ఆరు నెలల్లో ఏముంది?

ఎరాస్మస్ పద్ధతి చూడ్డానికి చాలా సాదా. విద్యార్థి తన డిగ్రీలో ఒక సెమిస్టరో, గరిష్ఠంగా ఏడాదో మరో దేశంలో చదువుతాడు. అక్కడి విశ్వవిద్యాలయం ఫీజు వసూలు చేయకూడదు. ఖర్చులకు కొంత సహాయం అందుతుంది. బయలుదేరకముందే అక్కడ ఏ సబ్జెక్టులు చదవబోతున్నాడో ఒక ఒప్పంద పత్రం రాసి విద్యార్థి, పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకునే విశ్వవిద్యాలయం ముగ్గురూ సంతకాలు చేస్తారు. ఒక దేశంలో చదివింది మరో దేశంలో చెల్లాలంటే ఉమ్మడి కొలమానం కావాలి గనక 1989లో క్రెడిట్ల బదిలీ విధానం తెచ్చారు. దాని ప్రకారం ఒక సెమిస్టర్ నిండుగా చదివితే 30 క్రెడిట్లు, ఏడాదికి 60. లిస్బన్‌లో తెచ్చుకున్న 30 క్రెడిట్లు వార్సాలోనూ 30గానే చెల్లాలి. కొర్రాదికి కౌంటర్ దగ్గర జరిగిన అవమానం మరొకరికి జరగకుండా కట్టిన గట్టు ఇదే. ఈ పథకంలో ఇంతకన్నా విలువైన ఆవిష్కరణ మరొకటి లేదు.

కాగితం మీద ఇంత పొందిగ్గా ఉన్నది బతుకులో అంత పొందిగ్గా ఉండదు. మొదటి వారాలు గది వెతుక్కోవడంతోనే సరిపోతాయి. అద్దె ఒప్పందంలో ఏం రాసుందో సగం అర్థం కాదు. బ్యాంకు ఖాతా తెరవాలంటే చిరునామా కావాలంటారు, చిరునామా రావాలంటే ఖాతా అడుగుతారు. క్లాసులో ప్రొఫెసర్ చెప్పింది ముక్క ముక్కలుగా అందుతుంది. సొంత ఊళ్ళో గలగలా మాట్లాడే మనిషి కిరాణా కొట్లో రెండు మాటలు కూడబలుక్కోవడానికి తడబడతాడు. తన భాషలో చమత్కారి అయినవాడు ఈ భాషలో మందకొడిగా కనిపిస్తాడు. ఉమ్మడి వంటగదిలో నలుగురు నాలుగు దేశాలవాళ్ళు, ఒకే పొయ్యి, గిన్నెలు ఎవరు కడగాలన్న తగువు. అప్పటికి ఇవన్నీ చికాకులే. కానీ వెళ్ళొచ్చినవాళ్ళు ఏళ్ళ తర్వాత మొదట గుర్తు చేసుకునేది వీటినే. ఇంట్లో ఎన్నడూ అడగాల్సిన పనిలేని ప్రశ్నల్ని నోరు తెరిచి అడగాల్సి వచ్చిన రోజులవి.

> పేరు వెనుక మనిషి
>
> ఎరాస్మస్ అన్నది పథకం ఆంగ్ల నామంలోని అక్షరాల కూర్పు. 16వ శతాబ్దపు డచ్ పండితుడు ఎరాస్మస్‌నూ అది తలపిస్తుంది. రాటర్‌డ్యామ్‌లో పుట్టిన ఆయన పారిస్‌లో చదివి, 1506లో ఇటలీలోని ట్యురిన్‌లో డాక్టరేట్ అందుకుని, కేంబ్రిడ్జ్‌లో గ్రీకు బోధించి, 1536లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో కన్నుమూశారు. ఊరూరా తిరిగి చదువుకోవడం ఐరోపాకు కొత్త కాదు. సామాన్యుల పిల్లలకు ఆ అవకాశం ఇవ్వడం కొత్త.

గుర్తుండిపోయేది తరగతి గది కాదు

పాత విద్యార్థులను కూడగట్టి అడిగిన పెద్ద సర్వేలు కొన్ని ఉన్నాయి. 1950లో వియన్నాలో మొదలైన ఐఈఎస్ అనే అమెరికన్ సంస్థ, 1950 నుంచి 1999 దాకా తన ద్వారా విదేశాల్లో చదివొచ్చినవాళ్ళను ప్రశ్నించింది. 3,400 మందికి పైగా జవాబిచ్చారు. తమ ప్రపంచ దృష్టిపై చెరగని ముద్ర పడిందన్నవాళ్ళు 95 శాతం. ఇంతకన్నా ఆలోచింపజేసే అంకె మరొకటుంది. తమ సొంత సంస్కృతి విలువలను, అందులోని పక్షపాతాలను మెరుగ్గా అర్థం చేసుకున్నామన్నవాళ్ళు 98 శాతం. ఫ్రాన్స్ వెళ్ళినవాళ్ళు ఫ్రాన్స్‌ను అర్థం చేసుకోవడం సహజమే. అమెరికాను అర్థం చేసుకోవడానికి ఫ్రాన్స్ వెళ్ళాల్సి వచ్చిందని చెప్పడమే విశేషం. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 22 విద్యాసంస్థల పాత విద్యార్థులు ఆరు వేల పైచిలుకు మందితో చేసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, కాలేజీ జీవితంలో తమపై బలమైన ప్రభావం చూపిన అనుభవాల్లో విదేశీ చదువును చెప్పినవాళ్ళు ఐదుగురిలో నలుగురికి పైనే.

అంకెలు చెప్పలేనిది ఇద్దరు మనుషుల కథ చెబుతుంది. 1949లో జాక్వెలిన్ బూవియే అనే అమెరికన్ విద్యార్థిని స్మిత్ కాలేజీ పంపిన బృందంతో ఏడాది చదువుకు పారిస్ చేరింది. యుద్ధం ముగిసి నాలుగేళ్ళే అయిన పారిస్ అది. ఇల్లు వెచ్చబెట్టుకోవడానికే కటకట. ఆమె దిగిన ఇంటి యజమానురాలు నాజీలను ప్రతిఘటించి, రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. ఆవిడ భర్త అలాంటి శిబిరంలోనే చనిపోయారు. కలవారి ఇంటి అమ్మాయికి చరిత్ర పాఠం సోర్బాన్ తరగతిలోనే కాదు, భోజనాల బల్ల దగ్గరా దొరికింది. పన్నెండేళ్ళకు, 1961 మే నెలాఖరున అదే అమ్మాయి జాక్వెలిన్ కెనెడీగా, దేశాధ్యక్షుడి భార్యగా పారిస్‌లో మళ్ళీ అడుగుపెట్టినప్పుడు ఆమె ఫ్రెంచి విని నగరమంతా ముచ్చటపడింది. జాక్వెలిన్ వెంట పారిస్‌కు వచ్చిన మనిషినని తనను తాను పరిచయం చేసుకున్నారు అధ్యక్షుడు.

రెండో కథ ఏంజెలా డేవిస్‌ది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి. 1963లో హామిల్టన్ కాలేజీ కార్యక్రమం ద్వారా ఫ్రాన్స్ వెళ్ళింది. ఆ సెప్టెంబరులో బియారిట్స్ పట్టణంలో ఉండగా పత్రికలో ఒక వార్త కంటబడింది. సొంత ఊళ్ళో చర్చిపై శ్వేతజాతి దురహంకారులు బాంబు పెట్టి నలుగురు బాలికలను చంపేశారు. చనిపోయినవాళ్ళు తనకు తెలిసిన కుటుంబాల పిల్లలు. పక్కనున్న తోటి అమెరికన్ విద్యార్థులకు తన దుఃఖం లోతు అందలేదని 1974లో వచ్చిన ఆత్మకథలో ఆమె రాసుకున్నారు. సముద్రాలు దాటి వచ్చినా ఊరు వెంటే వచ్చింది. తర్వాతి కాలంలో ఆమె పౌరహక్కుల పోరాటంలో, తత్వశాస్త్ర బోధనలో ప్రపంచానికి తెలిసిన పేరయ్యారు. ఒకరు కలవారి ఇంటి బిడ్డ, మరొకరు వివక్ష నీడలో పెరిగిన బిడ్డ. ఇద్దరూ వెళ్ళింది ఫ్రాన్స్‌కే. ఒకరికి ఆ దేశపు గాయం తెలిసింది, ఇంకొకరికి సొంత దేశపు గాయం దూరం నుంచి మరింత పెద్దగా కనిపించింది. ఏ సిలబస్‌లోనూ లేని చదువు ఇది.

> ఎనిమిది మందితో మొదలు
>
> అమెరికాలో మూడో సంవత్సరం చదువును విదేశంలో సాగించే పద్ధతికి నాంది 1923. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసొచ్చిన రేమండ్ కిర్క్‌బ్రైడ్ అనే ఫ్రెంచి భాషా ప్రొఫెసర్ ఆలోచన అది. డెలావేర్ విశ్వవిద్యాలయం నుంచి 8 మంది విద్యార్థులు ఆ ఏడాది జులై 7న ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్ళారు. పారిశ్రామికవేత్త పియేర్ డ్యుపాంట్ డబ్బిచ్చి ఆదుకున్నారు.

దూరపు కొండలు నునుపేనా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. దూరపు కొండలు నునుపు. ఇరవై ఏళ్ళ వయసులో గడిపిన ఏ ఆరు నెలలైనా నలభై ఏళ్ళు దాటాక తీయగానే తోస్తాయి. పైగా సర్వేకు ఓపిగ్గా జవాబు రాసేది సంతోషంగా తిరిగొచ్చినవాళ్ళే. ఒంటరితనంతో కుంగిపోయి, ఎప్పుడు ఇల్లు చేరతామా అని రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ళ కాగితాలు ఖాళీగానే ఉండిపోతాయి. అంతకన్నా బలమైన మాట ఇంకొకటుంది. వెళ్ళేవాళ్ళే ముందునుంచీ చొరవ, ధైర్యం, డబ్బు ఉన్నవాళ్ళు. వాళ్ళు ఎక్కడికీ వెళ్ళకపోయినా జీవితంలో పైకి వచ్చేవాళ్ళే కదా? ఐరోపా కమిషన్ 2014లో వెలువరించిన నివేదికలో, డిగ్రీ అయిన ఐదేళ్ళకు నిరుద్యోగ రేటు విదేశాల్లో చదివొచ్చినవాళ్ళలో 23 శాతం తక్కువని తేలింది. అది ఎరాస్మస్ గొప్పా, వెళ్ళినవాళ్ళ గొప్పా?

ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని దాటవేసే ప్రశంసలకు విలువ లేదు. అదృష్టవశాత్తూ దీనికి జవాబు వెతికినవాళ్ళున్నారు. మథియాస్ పారే, ఫాబియాన్ వాల్డింగర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు జర్మనీ పట్టభద్రులను పరిశీలించి 2011లో తమ ఫలితాలు ప్రచురించారు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో కొన్ని విభాగాలకు ఎరాస్మస్ సీట్లు ముందు వచ్చాయి, కొన్నిటికి ఆలస్యంగా వచ్చాయి. ఒక విద్యార్థి చదివే విభాగానికి సీట్లు ఎప్పుడు వచ్చాయన్నదానికీ ఆ విద్యార్థి చొరవకూ సంబంధం లేదు. ఆ తేడానే కొలబద్దగా చేసుకుని లెక్కగడితే, విదేశీ చదువు వల్ల తర్వాత విదేశంలో పనిచేసే అవకాశం దాదాపు 15 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది. యేనా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు యూలియా త్సిమ్మర్‌మన్, ఫ్రాంజ్ నయ్యర్ వెయ్యి మందికి పైగా జర్మన్ విద్యార్థులను, వెళ్ళినవాళ్ళనీ వెళ్ళనివాళ్ళనీ, ప్రయాణానికి ముందూ తర్వాతా పరీక్షించారు. ఇది జ్ఞాపకాలను అడిగిన సర్వే కాదు గనక నునుపు కొండల బెడద లేదు. వెళ్ళనివాళ్ళతో పోలిస్తే వెళ్ళొచ్చినవాళ్ళలో కొత్తదాన్ని స్వీకరించే గుణం, ఇతరులతో సర్దుకుపోయే గుణం పెరిగాయి. ఆందోళన తగ్గింది. ఈ మార్పుకు ప్రధాన కారణం అక్కడ ఏర్పడిన కొత్త స్నేహాలని తేల్చారు. పాత విద్యార్థులు వంటగది తగువుల గురించి మురిపెంగా ఎందుకు చెబుతారో దీంతో అర్థమవుతుంది. వాళ్ళను మార్చింది ఆ వంటగదే.

విహారమా, నివాసమా?

రెండో అభ్యంతరం ఎగతాళి రూపంలో వినిపిస్తుంది. ప్రజల డబ్బుతో సాగే విహారయాత్ర, రాత్రి విందులు, పగటి నిద్రలు, అంతేనా? 2002లో వచ్చిన ఫ్రెంచి దర్శకుడు సెద్రిక్ క్లాపిష్ సినిమా ‘ఓబెర్జ్ ఎస్పాన్యోల్’ బార్సిలోనాలో ఒకే ఇంట్లో ఉండే ఎరాస్మస్ విద్యార్థుల కథ. ఆ ఇంటి సందడే చాలామంది మనసులో ఎరాస్మస్ బొమ్మగా నిలిచిపోయింది. విందులు లేవని ఎవరూ అనరు. కానీ అదే దర్శకుడు అవే పాత్రలను 2005లో ఒకసారి, 2013లో మరోసారి తెరమీదకు తెచ్చాడు. వయసు పెరిగి, పెళ్ళిళ్ళు, విడిపోవడాలు, పిల్లలు వచ్చాక కూడా ఆ ఇంట్లో పుట్టిన బంధాలే వాళ్ళ కథను నడుపుతాయి. ఒక ఏడాది కథ పూర్తిగా చెప్పడానికి ఆ దర్శకుడికి మూడు సినిమాలు, పదకొండేళ్ళు పట్టాయి.

విహారానికీ నివాసానికీ తేడా ఊహ కాదు. విలియం మాడక్స్, ఆడమ్ గాలిన్‌స్కీ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, విదేశంలో నివసించినవాళ్ళు కొత్తగా ఆలోచించాల్సిన చిక్కుప్రశ్నలను మెరుగ్గా విప్పారని, కేవలం పర్యటించినవాళ్ళలో ఆ మెరుగుదల కనిపించలేదని చూపారు. చూసొచ్చినవాడికి ఊరు మాత్రమే తెలుస్తుంది. ఉండొచ్చినవాడికి తానేమిటో తెలుస్తుంది. హాజో ఆడమ్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం ఇదే మాటను మరో వైపు నుంచి బలపరిచింది. విదేశంలో నివసించినవాళ్ళకు తమ గురించి తమకు స్పష్టత ఎక్కువ. ఎన్ని దేశాల్లో ఉన్నామన్నది దీనికి లెక్క కాదు, ఎంతకాలం ఉన్నామన్నదే లెక్క. తమ ఇంటి అలవాటు తమదేనా, పెద్దవాళ్ళు అప్పగించిందా అని తరచి చూసుకోవడమే అందుకు కారణమట. పది రోజుల్లో ఆరు నగరాలు చుట్టొచ్చే కాలేజీ టూర్లను ‘అంతర్జాతీయ అనుభవం’ పేరిట అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అందినవాళ్ళకే మళ్ళీ అందితే?

మూడో అభ్యంతరానికి మాత్రం తల వంచాల్సిందే. సెమిస్టర్ చదువు వల్ల యువకులు ఐరోపావాదులుగా మారతారని అక్కడి నాయకులు ఆశపెట్టుకున్నారు. ఇమ్మాన్యుయేల్ సిగాలస్ అనే పరిశోధకుడు 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి మార్పు కనిపించలేదు. అది ఎందుకో తెరేసా కూన్ అనే పరిశోధకురాలు 2012లో వివరించారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు వెళ్ళకముందే పొరుగు దేశాల పట్ల సుముఖంగా ఉంటారు. మార్పు అవసరమైనవాళ్ళు, అంటే పెద్ద చదువులకు రాని యువత, అసలు ఈ పథకంలోకే రావడం లేదు. దీనికి డబ్బు కూడా తోడవుతుంది. ఉపకార వేతనం అద్దెకూ తిండికీ నిండుగా సరిపోదు. మిగతాది ఇంటి నుంచి రావాలి. ఇవ్వలేని ఇంటి పిల్లలు దరఖాస్తే పెట్టరు.

ఈ విమర్శలను అంగీకరించినంత మాత్రాన పథకం దండగని తేలదు, అందుకు సరిగ్గా వ్యతిరేకమైనది తేలుతుంది. మందు పనిచేస్తోంది, రోగికి చేరడం లేదన్నప్పుడు మందు పారబోయం, చేరే దారి చూస్తాం. 2014 నుంచి ఎరాస్మస్ ప్లస్ పేరుతో విశ్వవిద్యాలయ విద్య, వృత్తివిద్య, బడి, యువజన కార్యక్రమాలు ఒకే గొడుగు కిందకు రావడం ఆ దారిలో పడిన అడుగు. 2021–27 కాలానికి దాదాపు 2,600 కోట్ల యూరోలు కేటాయించడం ఇంకో అడుగు. బ్రిటన్ అనుభవం ఇంకో పాఠం చెబుతుంది. ఎరాస్మస్ స్థానంలో అది తెచ్చిన ట్యూరింగ్ పథకం తన పిల్లలను బయటికి పంపడానికి డబ్బిచ్చింది గానీ, బయటి పిల్లలు రావడానికి ఇవ్వలేదు. ఇచ్చిపుచ్చుకోవడంలో సగం తీసేస్తే మిగిలేది కొనుక్కోవడమే. పొరుగింటి పిల్ల మన తరగతిలో కూర్చుంటే, ఊరు దాటే స్తోమత లేని మన పిల్లాడికి కూడా ప్రపంచం పక్క బెంచీలో దొరుకుతుంది. బ్రిటన్ మళ్ళీ చేరాలనుకోవడానికి ఎన్ని రాజకీయ కారణాలున్నా, పోగొట్టుకున్నది ఇదేనని అక్కడి విశ్వవిద్యాలయాలు మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాయి.

వలస భయం కూడా ఉంది. విదేశంలో చదివితే విదేశంలో పనిచేసే అవకాశం పెరుగుతుందని పైన చెప్పిన అధ్యయనమే తేల్చింది గదా, అయితే తెలివైనవాళ్ళంతా ఎగిరిపోరా? కొందరు పోతారు, నిజమే. కానీ ఆ సెమిస్టర్‌కు ముగింపు తేదీ ఉంటుంది, తిరిగొచ్చి పూర్తి చేయాల్సిన డిగ్రీ ఉంటుంది. అప్పు తీర్చడానికి అక్కడే ఉండిపోక తప్పని పూర్తి పట్టా చదువుతో పోలిస్తే, ఇంటి దారిని తెరిచి ఉంచేది సెమిస్టర్ చదువే.

> వాల్తేరు దాకా వచ్చినవాళ్ళు
>
> ఈ రాకపోకల్లో తెలుగు నేలకూ చోటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1960ల నుంచి ‘కాలేజ్ ఇయర్ ఇన్ ఇండియా’ పేరిట విద్యార్థులను ఏడాది పాటు భారత్‌కు పంపింది. కాశీ, మధురైలతో పాటు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు కూడా వాళ్ళ మజిలీ. వేసవిలో తమ విశ్వవిద్యాలయం ఉన్న మాడిసన్‌లో తెలుగు నేర్చుకుని మరీ వచ్చేవారు. 1998 నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం కింద విదేశీ విద్యార్థులకు సెమిస్టర్ చదువు చెబుతోంది.

మన ఇంటి మాట

తెలుగిళ్ళలో గడప దాటేవాళ్ళు ‘వెళ్తాను’ అనరు. అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. ‘వెళ్ళొస్తాను’ అనాలి. వెళ్ళడంలోనే రావడాన్ని ముడివేసిన మాట అది. విదేశీ చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ముడి విడిపోయింది. మనకు తెలిసిన విదేశీ చదువు ఒక్కటే. ఇక్కడ బీటెక్, అక్కడ ఎమ్మెస్, మధ్యలో కన్సల్టెన్సీ, బ్యాంకు లోను, వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. ఆ ఏడాది మరే దేశం నుంచీ అంతమంది లేరు. వాళ్ళలో తెలుగు పిల్లల సందడి ఎంతో చెప్పనక్కర్లేదు. ఆ చదువును తప్పుపట్టాల్సిన పనిలేదు, ఎన్నో కుటుంబాలను అది నిలబెట్టింది. కానీ అది ఉన్నదంతా పణంగా పెట్టి ఆడే ఆట. వీసా నిబంధన మారినా, ఉద్యోగాల గాలి తిరిగినా పొలం అమ్మిన తండ్రి నిద్ర చెడుతుంది. ఇల్లు తాకట్టు పెట్టకుండా, డిగ్రీ మధ్యలో ఆరు నెలలు వెళ్ళి ప్రపంచాన్ని చూసి, తనకది సరిపడుతుందో లేదో తేల్చుకుని తిరిగొచ్చే దారి ఉంటుందన్న సంగతే మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

తలుపులు పూర్తిగా మూసిలేవు. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి చదువు చెప్పేందుకు యూజీసీ 2022లో నిబంధనలు తెచ్చింది. ‘ట్విన్నింగ్’ పద్ధతిలో క్రెడిట్లలో 30 శాతం దాకా విదేశంలో సంపాదించుకోవచ్చు. ఎనిమిది సెమిస్టర్ల ఇంజినీరింగులో ఒక సెమిస్టర్ అంటే పన్నెండున్నర శాతమే గనక చోటుకు కొదవ లేదు. విద్యార్థి క్రెడిట్లను దాచి ఉంచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ కూడా 2021 నుంచి ఉంది. కొన్ని పేరున్న సంస్థలు మార్పిడి చదువులు నడుపుతున్నాయి. జిల్లా కేంద్రంలోని అనుబంధ కాలేజీ విద్యార్థికి మాత్రం ఇదంతా ఎక్కడో ఆకాశంలో జరిగే వ్యవహారం. అతని భయం ఒక్కటే. తిరిగొచ్చాక అక్కడి మార్కులు ఇక్కడ ఎక్కించకపోతే, సెమిస్టర్ మొత్తం బ్యాక్‌లాగ్ అయితే, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు తప్పిపోతే? 1958లో రోమ్ కౌంటర్ ముందు నిలబడ్డ అమ్మాయి భయమూ అదే.

డబ్బు సంగతీ ఆలోచించాలి. తెలంగాణలో అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే పేర్ల మీదున్న విదేశీ విద్యానిధులు పేద విద్యార్థుల పూర్తి పట్టా చదువుకు 20 లక్షల రూపాయల దాకా సాయం చేస్తున్నాయి. మంచి పథకాలివి, ఉండాలి. వాటి పక్కనే సెమిస్టర్ చదువుకు కూడా ఒక చిన్న నిధి ఉంటే, పరస్పర మార్పిడిలో అక్కడి ఫీజు కట్టాల్సిన పనిలేదు గనక, ఒక పూర్తి పట్టాకయ్యే సొమ్ముతో ఒకరికి బదులు కొందరిని పంపొచ్చు. అమెరికా ఒక్కటే గమ్యం కానక్కర్లేదు. జపాన్, జర్మనీ, వియత్నాం, దక్షిణాఫ్రికా ఏదైనా సరే. పరాయివాడిగా కొన్నాళ్ళు బతకడమే అసలు పాఠం గనక దేశం పేరు పెద్దదిగా ఉండాల్సిన పనిలేదు. అలాగే వాళ్ళ పిల్లలు మన దగ్గరికి రావాలి. వాల్తేరులో తెలుగు మాట్లాడుతూ బజారుకెళ్ళిన అమెరికన్ విద్యార్థులు ఒకప్పుడు ఉన్నారంటే, కర్నూలులో, వరంగల్‌లో రేపు ఉండకూడదని ఎక్కడా లేదు.

చేయాల్సిన పనులు పెద్దవి కావు. మన రెండు రాష్ట్రాల ప్రతి విశ్వవిద్యాలయం కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలతో ఫీజు లేని మార్పిడికి ఒప్పందం చేసుకోవాలి. విద్యార్థి బయలుదేరకముందే సబ్జెక్టుకు సబ్జెక్టు సరిపోల్చి సంతకం చేసిన పత్రం చేతికివ్వాలి. అనుబంధ కాలేజీల పిల్లలకు అందులో వాటా ఉండాలి. తిరిగొచ్చిన పాత విద్యార్థులను పిలిచి కింది తరగతుల ముందు మాట్లాడించాలి. వెళ్ళడానికి భయపడే పిల్లాడికి కన్సల్టెన్సీ కరపత్రం ఇవ్వలేని ధైర్యం, ఆ గది వెతుకులాటనూ ఆ తడబాటునూ దాటొచ్చిన సీనియర్ ఇవ్వగలడు. అన్నిటికన్నా ముందు, కౌంటర్ అవతల కూర్చున్న మనిషి తిరిగొచ్చిన విద్యార్థితో ఒక్క మాట అనగలగాలి: ‘నీ క్రెడిట్లు ఎక్కించాం, వెళ్ళి క్లాసులో కూర్చో.’ సోఫియా కొర్రాదికి 1958లో ఆ మాట దక్కలేదు. మన పిల్లలకు దక్కాలి.